రష్యా ట్యాంకు నమూనాలో కరెంటాఫీసు

యాసంగి నాట్లు జరుగుతున్న రోజుల్లో విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి డివిజన్ కార్యాలయం ప్రపంచంలో నిరూపితమైన ఒక విజయాన్ని నమూనాగా స్వీకరించి, దాని ప్రకారం తనను తాను పునర్నిర్మించుకోవాలని అందులో ఉంది. ఏ కార్యాలయానికి ఏ విజయం అన్నది చీటీలు తీసి తేల్చారు. ఒక డివిజన్‌కు తేనెపట్టు వచ్చింది. ఇంకో డివిజన్‌కు జపాన్ రైళ్లు వచ్చాయి. రాళ్ళమడుగు డివిజన్‌కు రష్యా ట్యాంకుల అభివృద్ధి వచ్చింది.

రాళ్ళమడుగు డివిజనల్ ఇంజనీరు మార్తాండరావు చీటీ చూసి నిరుత్సాహపడలేదు. ఏ సర్క్యులర్ చూసీ ఆయన నిరుత్సాహపడినట్టు దాఖలా లేదు. మరునాడే సిబ్బందిని సమావేశపరిచారు. ప్రధాన కార్యాలయం పంపిన కన్సల్టెంటు తెర మీద ట్యాంకుల బొమ్మలు చూపించి, మొదట ఒక ప్రశ్న వేశాడు.

"ట్యాంకు కట్టాలంటే ముందు శత్రువు ఎవరో తేలాలి. మీ శత్రువు ఎవరు?"

సీనియర్ అసిస్టెంటు జగదీశ్వర్ లేచాడు.

"సార్, బయటి నుంచి మన మీదికి వచ్చేది ఒక్కటే. అర్జీ."

"తేనెపట్టు వచ్చినోళ్లే నయం. వాళ్లకు శత్రువు అక్కర్లేదు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఎక్కింది ఇది: శత్రువు, అర్జీ. శత్రువును మోసుకొచ్చువారు, అర్జీదారు. ఏకగ్రీవం.

ఆ వారంలోనే చింతలొద్ది గ్రామంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని కింద ఎనిమిది బోర్లు ఉన్నాయి. అందులో ఒకటి భూదవ్వది. ఆమెకు రెండెకరాలు. నాటు పడి కొన్ని రోజులే అయింది. పక్క లైనులో ఉన్నవాళ్ల బోరు నుంచి వంతుల మీద నీళ్లు తెచ్చుకుంటే నాటు బతుకుతుంది కాని, కంకి పాలు పోసుకునే వేళకు ఆ నీళ్లు చాలవు. ఆలోగా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావాలి. ఎనిమిది బోర్లవాళ్లు కలిసి అర్జీ రాయించి, మొదటి వేలిముద్ర భూదవ్వతో వేయించారు. ఎవరు తీసుకుపోవాలన్నప్పుడు కూడా ఆమె వైపే చూశారు.

"నువ్వైతే నిలవడి అడుగుతవు వదినె," అన్నాడు ఆమె మరిది నాంపల్లి.

"నిలవడుడు సరే. నువ్వు గూడ రా. బస్సుల ఒక్కదాన్ని ఏం మాట్లాడుకుంట పోవాలె?"

వాళ్లు వెళ్లేసరికి కార్యాలయం అభివృద్ధిలో మొదటి దశకు చేరింది. రష్యావాళ్లు తొలిరోజుల్లో అయిదు టరెట్ల ట్యాంకు ఒకటి కట్టారు. టరెట్ అంటే ఫిరంగి బిగించి తిప్పే గుమ్మటం. దాని ప్రకారం మార్తాండరావు తన కార్యాలయానికి అయిదు కిటికీలు పెట్టించి, నడుమ తాను కూర్చున్నారు. నడుమ కూర్చుంటే ఏ కిటికీ కనిపించదు.

"ఇది ఎన్నో కిటికి బిడ్డా?" అని భూదవ్వ అడిగింది.

"మూడోది," అన్నాడు లోపలి ఉద్యోగి.

"మొదటోళ్లు గిక్కడికే పొమ్మన్నరు."

"మూడో కిటికీ రెక్క తీస్తే రెండో కిటికీకి అడ్డం పడుతుందమ్మా. అది మూసేదాకా ఇది తెరవొద్దని ఆర్డరు."

"మరి రెండోది ఎప్పుడు మూస్తరు?"

"ఒకటోది తెరిస్తే."

సాయంత్రం దాకా అయిదు కిటికీలూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. అర్జీ ఏ కిటికీలోకీ పోలేదు. ఈ సంగతి జగదీశ్వర్ వెళ్లి చెప్పినప్పుడు మార్తాండరావు రష్యా ట్యాంకుల మీద కన్సల్టెంటు ఇచ్చిన పుస్తకం తెరిచి చూపించారు. ఆ అయిదు టరెట్ల ట్యాంకుల్లో కూడా శత్రువు పగలగొట్టినవి తక్కువ, దారిలో చెడిపోయి ఆగినవి ఎక్కువ.

"మనం సరైన క్రమంలోనే ఉన్నాం. తర్వాతి దశకు పోదాం," అన్నారు.

మిగతా పనులన్నీ ఆగిపోవడంతో దశలు వేగంగా సాగాయి.

తర్వాతి దశ వాలు కవచం. గుండు నిలువు రేకుకు తగిలితే దిగుతుంది, వాలు రేకుకు తగిలితే జారిపోతుంది. రష్యావాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కిటుకుతో పేరు తెచ్చుకున్నారు. వడ్రంగిని పిలిపించి, నాలుగు కిటికీలు మూయించి, మిగిలిన కిటికీ ముందు బల్లను బయటి వైపు ఏటవాలుగా బిగించారు. పెట్టిన కాగితం పెట్టినట్టే జారి బయట కాలువలో పడుతుంది. భూదవ్వ మూడుసార్లు పెట్టింది. మూడుసార్లు కాలువలోంచి తీసుకుంది.

"గిది అర్జీలు పెట్టే బల్లనా, వడ్లు తూర్పార వట్టే చాటనా?" అంది.

"బల్ల నిబంధనల ప్రకారమే ఉందమ్మా. మీ అర్జీలోనే పట్టు లేదు," అన్నాడు జగదీశ్వర్.

ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది. మరుసటి వారం అర్జీ వెనక అన్నం మెతుకులు పూసి తెచ్చి బల్లకు అంటించింది. కాగితం జారలేదు. కార్యాలయంలో కలకలం పుట్టింది. మార్తాండరావు స్వయంగా వచ్చి చూశారు.

"చొచ్చుకుపోయిందా?"

"లేదు సార్. అతుక్కుంది."

"అతుక్కోవడం వేరు, స్వీకరించబడటం వేరు. అర్జీదారుకు ఆ మేరకు తెలియజేయండి."

తెలియజేశారు. అప్పటి నుంచి రోజూ పొద్దున బల్లకు ఆముదం రాస్తున్నారు.

మూడో దశ ఎత్తు తగ్గించడం. యుద్ధం తర్వాతి రష్యా ట్యాంకులు నేలకు దగ్గరగా, గుండ్రటి టరెట్‌తో ఉంటాయి. ఎంత పొట్టిగా ఉంటే శత్రువుకు అంత తక్కువ కనిపిస్తాయి. కిటికీని మోకాలి ఎత్తుకు దించారు. కుర్చీలు తీసేసి సిబ్బందిని చాపల మీద కూర్చోబెట్టారు. పొడుగ్గా ఉన్న లైన్ ఇన్‌స్పెక్టరును తేనెపట్టు డివిజన్‌కు బదిలీ చేశారు. అక్కడ ఎత్తుకు నిబంధన లేదు.

పట్నం నుంచి వచ్చిన అర్జీదారులు వంగలేక వెనక్కి పోయారు. భూదవ్వ కిటికీ ముందు గొంతుక్కూర్చుంది.

"ఇబ్బందిగా లేదా అమ్మా?" అని జగదీశ్వర్ లోపల చాప మీది నుంచి అడిగాడు. అతని మోకాళ్లు అప్పటికే నొప్పి.

"నాట్లేసేటోళ్లకు వంగుడు కొత్తనా సారూ. నువ్వే జర కాళ్లు సాపుకో, పట్టుకపోతయ్."

నాలుగో దశ వచ్చేసరికి నాటు పిలక వేసింది. ఆ దశలో రష్యావాళ్లు ట్యాంకులో గుండు నింపే మనిషిని తీసేసి యంత్రం పెట్టారు. గుండ్లు కింద గుండ్రంగా పేర్చి ఉంటాయి. యంత్రం తిరిగి, కావలసినదాన్ని ఎత్తి ఫిరంగిలో పెడుతుంది. మార్తాండరావు అర్జీలు నమోదు చేసే గుమస్తాను తీసేసి, కిటికీ లోపల నేల మీద ఇనుప చక్రం ఒకటి బిగించారు. అర్జీని చక్రంలో పెడితే మోటారు తిప్పుతుంది. చక్రం ఎక్కడ ఆగాలన్నది తేల్చవలసింది ఆ గుమస్తాయే. అతను లేడు.

ప్రారంభోత్సవం నాడు మొదటి అర్జీ భూదవ్వదే. లోపలికి తీసుకున్నారు. నాంపల్లి సంతోషపడ్డాడు. చక్రం ఒక చుట్టు తిరిగింది. అర్జీ అదే కిటికీలోంచి బయటికి వచ్చింది. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

"తిరిగి మా దగ్గరికే వచ్చింది గద సారూ," అంది భూదవ్వ.

"లోపల పని జరిగిందమ్మా. తిరగడం మీరే చూశారు కదా," అన్నాడు జగదీశ్వర్.

"మా ఊళ్లె గానుగెద్దు గూడ తిరుగుతది. కాని నూనె వస్తది."

అయిదో దశ పేలుడు కవచం. ట్యాంకు మీద ఇటుకల్లాంటి పెట్టెలు బిగిస్తారు. శత్రువు గుండు తాకిన క్షణంలో పెట్టే బయటికి పేలి, గుండును చెదరగొడుతుంది. ఈ పనికి సీనియారిటీ ప్రకారం జగదీశ్వర్‌ను ఎంపిక చేశారు. స్వతహాగా నెమ్మదస్తుడు. మార్తాండరావు రెండు రోజులు గదిలో కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చారు. మూడో రోజు నుంచి, కిటికీ ముందు నీడ పడితే చాలు, అర్జీదారు నోరు తెరవకముందే అతను పేలుతున్నాడు.

"ఏందీ! ఏం కావాలె! టైము లేదా, పాడు లేదా! ఇది ఆఫీసనుకున్నరా, అంగడనుకున్నరా!"

పుస్తకం ప్రకారం ఒకసారి పేలిన పెట్టెను మార్చాలి. మార్చడానికి కార్యాలయంలో ఇంకో జగదీశ్వర్ లేడు. అందువల్ల ఒకసారి పేలాక గొంతు సర్దుకోవడానికి అతనికి చాయ్ విరామం మంజూరైంది.

ఎదుటి హోటలు బెంచీ మీద భూదవ్వ, నాంపల్లి ఒక పూటంతా ఇది చూశారు.

"ఎన్నిసార్లు అరుస్తున్నడు మరిదీ?"

"మనిషికి ఒక్కపాలే వదినె. అరిశి గిటు చాయకు వస్తున్నడు."

"అయితే నువ్వు ముంగట పోయి తిట్లు తిను. నేను ఎనుక వస్త."

"తిట్లు నాకు, పేరు నీకా?"

"నీళ్లు ఇద్దరికి."

నాంపల్లి వెళ్లి నిలబడ్డాడు. జగదీశ్వర్ పేలాడు. పేలి, గొంతు పట్టుకుని హోటలుకు నడిచాడు. అతను తలుపు దాటగానే భూదవ్వ లోపలికి నడిచి, మార్తాండరావు ఎదుట నిలబడింది. ఆ నమూనా మొదలైనప్పటి నుంచి ఆయన గదిలోకి వచ్చిన మొదటి అర్జీదారు ఆమె.

మార్తాండరావు కోప్పడలేదు. లేచి నిలబడ్డారు.

"అద్భుతం! దీన్ని జంట గుండు అంటారు. మొదటిది కవచాన్ని పేలుస్తుంది, రెండోది లోపలికి దిగుతుంది. పెద్ద పెద్ద దేశాలు ఏళ్లపాటు పరిశోధించి కనిపెట్టాయి. మీకు ఎవరు చెప్పారమ్మా?"

"ఎవలు చెప్తరు సారూ. మా దున్నపోతు ఒక్కపాలే తంతది. ఒకలు తన్నిచ్చుకుంటే ఇంకొకలు పగ్గం ఏస్తరు."

ఆయన ఆ మాట రాసుకున్నారు. అర్జీ అందుకుని, చదివి, మార్జిన్‌లో రాశారు: "కవచమును ఛేదించిన నమూనా. అధ్యయనం నిమిత్తం భద్రపరచవలెను."

"ట్రాన్స్‌ఫార్మర్ సారూ? పొలం పొట్టకొచ్చింది."

"స్టోరులో ఒకటి ఉంది. కాని ఈ అర్జీని కదిలిస్తే పరిశోధన చెడిపోతుంది. మీరు ఇంకొకటి రాసి సరైన మార్గంలో రండి. ఈలోగా మీ దెబ్బకు తగ్గ కవచం మేం కడతాం."

"మేం వచ్చెటందుకు కడతరా, రాకుంటనా?"

"రెండూ ఒకటేనమ్మా. అభివృద్ధి అంటే అదే."

కవచం పని మరునాడే మొదలైంది. కార్యాలయం నాలుగు గోడలకూ, కిటికీలన్నిటికీ ఇనుప రేకులు వెల్డింగు చేశారు. ముందు వైపు మనిషి పాకుతూ దూరేంత కంత ఒకటి, దానికి లోపలి నుంచే తెరుచుకుని తనంతట తానే మూసుకునే మూత ఒకటి పెట్టారు. దాని పక్కన మాట్లాడటానికి గొట్టం, కాగితం పట్టే చీలిక. వెనక అధికారులకు మోటారు తలుపు. దీనికొక ఉత్తర్వు కూడా వెలువడింది: లోపల ఉన్నవారే కార్యాలయం, బయట ఉన్న ప్రతి వ్యక్తి అర్జీదారు, హోదాతో నిమిత్తం లేదు. మినహాయింపులు పెడితే కవచంలో పగుళ్లు వస్తాయని మార్తాండరావు అభిప్రాయం.

పుస్తకంలో ఇంజను గురించి ఒక అధ్యాయం ఉంది. కవచం పెరిగిన ప్రతిసారీ ఆ బరువు ఇంజను మీదే పడిందని అందులో రాశారు. ఆ అధ్యాయం సమీక్షకు రాలేదు.

చివరి వరుస రేకులు అతికే రోజు ఎండ బాగా కాసింది. భూదవ్వ కొత్త అర్జీ పట్టుకుని కానుగ చెట్టు కింద కూర్చుని ఉంది. నాంపల్లి ఈసారి ట్రాక్టరు తెచ్చాడు. కంకి పాలు పోసుకుంటోంది. వంతు నీళ్లు పొలంలో సగానికే అందుతున్నాయి. ఇవాళ కాకపోతే ఇక రావడం దండుగ అని పొద్దున ఇద్దరూ అనుకుని బయల్దేరారు.

మార్తాండరావు రేకులు చూడటానికి వెనక తలుపు నుంచి బయటికి వచ్చారు. మూడు వెల్డింగు యంత్రాలు ఒకేసారి మొదలయ్యాయి. కార్యాలయం ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో కాలిపోయింది. మోటారు తలుపు మూసుకున్న చోటే ఆగింది.

లోపల ఫ్యాన్లు ఆగాయి. ఇనుప పెట్టె, ఎండ. కాసేపటికి కంత మూత తెరుచుకుని సిబ్బంది ఒకరి వెనక ఒకరు పాకుతూ బయటికి వచ్చారు. అందరికన్నా చివర జగదీశ్వర్ వచ్చి, మూత పడిపోకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"జగదీశ్వర్, లోపలికి వెళ్లి స్టోరుకు ఆర్డరు రాయండి. ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మన ఆఫీసుకు బిగించాలి," అన్నారు మార్తాండరావు.

"ఎట్ల పోతా సార్? ఇప్పుడు నేను బయట ఉన్న. అర్జీదారునైన."

"నేను చెబుతున్నాను."

"మీరు కూడా బయటనే ఉన్నరు సార్."

మార్తాండరావు ఉత్తర్వును మనసులో మళ్లీ చదువుకున్నారు. అందులో పగులు లేదు. అయినా అత్యవసర పరిస్థితి కనుక తానే వెళ్లాలని నిశ్చయించుకుని కంతలో తల పెట్టారు. భుజాలు పట్టాయి. పొట్ట పట్టలేదు. ఇద్దరు కాళ్లు పట్టి వెనక్కి లాగారు.

రేకు కోయాలంటే యంత్రానికి కరెంటు కావాలి. కరెంటుకు ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు అర్జీ మీద సంతకం, ముద్ర కావాలి. సంతకం చేసే మనిషి బయట ఉన్నారు. ముద్ర లోపల ఉంది.

"జరుగు సారూ," అంది భూదవ్వ. కొంగు బిగించి, కంతలో దూరి లోపలికి పోయింది. జగదీశ్వర్ చేయి జారింది. మూత పడింది.

గొట్టంలోంచి ఆమె గొంతు వచ్చింది.

"లోపల ఎవ్వలు లేరు సారూ."

"మీరు ఉన్నారు కదమ్మా," అన్నారు మార్తాండరావు. ఉత్తర్వు ప్రకారం అది నిజం. "బల్ల మీద గుండ్రటి ముద్ర ఉంటుంది. నేనొక కాగితం పంపుతాను. దాని మీద వేయండి."

"ఏం కాగితం?"

"ఆఫీసుకు ట్రాన్స్‌ఫార్మర్ కోసం."

"స్టోరుల ఎన్ని ఉన్నయ్?"

"ఒకటే."



"మాది గూడ సంతకం పెట్టి పంపు సారూ. రెండు చూస్త," అంది భూదవ్వ.

మార్తాండరావు వెల్డింగు సామాను పెట్టె మీద కాగితం పెట్టి కార్యాలయం తరఫున అర్జీ రాశారు. నాంపల్లి తమ అర్జీ అందించాడు. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించారు.

"పెట్టు సారూ. ఆమె మొండిది. పొద్దుగూకేదాక గట్లనే కూసుంటది," అన్నాడు నాంపల్లి.

రెండింటి మీదా సంతకం పెట్టి చీలికలోంచి లోపలికి పంపారు. ఒకదాని మీద వేలిముద్రలు ఉన్నాయి, ఇంకోదాని మీద లేవు. భూదవ్వ పోల్చుకోవడానికి చదువు అవసరం పడలేదు. లోపల ముద్ర పడిన చప్పుడు ఒకసారి వినిపించింది. వేలిముద్రల కాగితం చీలికలోంచి బయటికి వచ్చింది. నాంపల్లి దాన్ని తీసుకుని ట్రాక్టరు ఎక్కి స్టోరుకు పోయాడు.

"ఇంకోటి అమ్మా?" అని మార్తాండరావు గొట్టంలో అడిగారు.

"మీది పరిశీలనల ఉన్నది సారూ."

ఆయన జగదీశ్వర్ వైపు చూశారు. జగదీశ్వర్ కానుగ చెట్టు వైపు చూశాడు.

ట్రాన్స్‌ఫార్మర్ ట్రాక్టరుకెక్కి గేటు ముందుకు వచ్చాక భూదవ్వ కంతలోంచి బయటికి వచ్చింది. ఒళ్లంతా చెమట. జగదీశ్వర్ తన నీళ్ల సీసా ఇచ్చాడు. ఆమె తాగుతుండగా వెనక మూత పడింది. ఈసారి లోపల ఎవరూ లేరు.

పొద్దు గూకకముందే చింతలొద్దిలో ఎనిమిది బోర్లు పోశాయి.

కార్యాలయం పని ఆ రోజు నుంచి కానుగ చెట్టు కింద జరిగింది. వాలు బల్ల లేదు కనుక కాగితాలు పెట్టినచోటే ఉన్నాయి. హోటలు నుంచి కుర్చీలు తెచ్చుకున్నారు కనుక కాళ్లు పట్టుకుపోలేదు. జగదీశ్వర్‌కు పేలే పని లేక గొంతు బాగుపడింది. ముద్ర లేదు కనుక సంతకంతోనే సరిపెట్టారు. సరిపోయింది. మార్తాండరావు మాత్రం ఇది తాత్కాలికమని వచ్చిన ప్రతివారికీ చెప్పుకుంటూ వచ్చారు.

నమూనాల తనిఖీకి కన్సల్టెంటు వచ్చినప్పుడు మార్తాండరావు తల దించుకుని ఎదురు వెళ్లారు. కన్సల్టెంటు ఇనుప కార్యాలయం చుట్టూ తిరిగాడు. గొట్టంలో పిలిచాడు. జవాబు రాలేదు. చెట్టు కింద పనిచేస్తున్న సిబ్బందిని చూశాడు. పుస్తకం చివరి పేజీలు తిప్పాడు. చాలాసేపు చదివాడు.

"రష్యా కొత్త ట్యాంకులో టరెట్ లోపల మనుషులుండరు. సిబ్బందిని దానికి దూరంగా, విడిగా కూర్చోబెట్టారు. అది వాళ్ల అభివృద్ధిలో ఇప్పటికి చివరి దశ," అన్నాడు. "మీరు ఇంత త్వరగా అందుకుంటారని మేం అనుకోలేదు."

మార్తాండరావు తల ఎత్తారు.

ఆ సంవత్సరం నమూనా కార్యాలయాల్లో మొదటి బహుమతి రాళ్ళమడుగుకు వచ్చింది. చింతలొద్ది ట్రాన్స్‌ఫార్మర్ గురించి నివేదికలో ప్రస్తావన లేదు. ఆ పని కార్యాలయం చేసిందని చెప్పడానికి వీల్లేదు. ఆ సమయంలో కార్యాలయం అంటే భూదవ్వ. నివేదికలో ఉన్నది ఒక్క వాక్యమే: నాటి నుంచి నేటి వరకు ఒక్క అర్జీ కూడా ఆ కవచాన్ని ఛేదించలేదు.